సెలవులో వెంటవచ్చిన చప్పుడు

పిల్లల ఐసీయూలో పనిచేసే డాక్టర్లకు మానిటర్ చప్పుడు ఇంటికొచ్చినా చెవిలో మోగుతూనే ఉంటుంది. టింగ్, టింగ్ అని సన్నగా మోగితే బిడ్డకు ఆక్సిజన్ బాగా అందుతున్నట్టు. అదే బొంగురుపోయిందంటే పరుగెత్తాలి.

"నాకు స్నానాల గదిలో కూడా వినిపిస్తుంది డాక్టరమ్మా! అంతా అలసట. నాలుగు రోజులు సెలవు పెట్టి హాయిగా పడుకోండి" అంటూ హెడ్ నర్సు నన్ను మెడపట్టి గెంటినంత పని చేసింది.

ఆ రాత్రి తొమ్మిదింటికే మంచమెక్కాను. మా పాప పక్కగదిలో నిద్రపోతోంది. చెవిలో మామూలే. టింగ్, టింగ్. సన్నగా, హుషారుగా. "మోగవే తల్లీ, నువ్వూ సెలవులోనే ఉన్నావుగా!" అని నవ్వుకుని ముసుగుతన్నాను.

ఎంతసేపయిందో, మా ఆయన మోచేత్తో పొడిచారు.

"ఏమోయ్, ఫ్రిజ్ తలుపు సరిగ్గా వెయ్యలేదా? ఏదో టింగుటింగుమంటోంది."

"అది నా చెవిలోదిలెండి బాబూ, పడుకోండి" అన్నాను.

అన్నాక దిగ్గున లేచి కూర్చున్నాను.

ఆయన తలెత్తి చెవులు రిక్కించారు. "కాదోయ్, పాప గదిలోంచి. అదేంటి... ఇప్పుడు బొంగురుపోతోంది?"