కూర్చుంటే చాలు

ఉమ్మి సూటిగా వచ్చి ఆంబ్రోజ్ మడతల కాలరు మీద పడింది.

"థూ! కూర్చోమంటే కూర్చోలేకపోయావా, దొరా?" తోళ్ళు పదునుచేసే హాడ్జ్ గొంతు చించుకున్నాడు. "ఎవరికి అమ్ముడుపోయావు?"

వెల్బరీ వీధి వీధంతా చూస్తోంది. ఒక్కరూ అడ్డురాలేదు. ఛీ! ఇదే వీధి మొన్న తనను భుజాన మోసి లండన్ పార్లమెంటుకు పంపింది.

మోసింది ఊరి మేతబీడు కోసం. దానికి కంచె వేసి భూస్వాములు పంచుకోవడానికి బిల్లు తెచ్చారు. ఎక్కువ వాటా ఆంబ్రోజ్ ఇంటికే. తాత కసాయి, తండ్రి భూములు కొన్నాడు, తను సభ దాకా ఎక్కాడు. అయినా ఊరికి మాటిచ్చాడు.

"ఆ బీడు నాకొద్దు. మీ ఆవుల్నే మేయనివ్వండి."

ఇంట్లో తల్లి కూడా కాదనలేదు.

ఆ మాట నిలుపుకోవడం ఎంత తేలిక! సభలో బిల్లు కావాలన్నవాళ్ళు లేచి బయటికి పోతారు. వద్దన్నవాళ్ళు ఊరికే కూర్చుంటారు. తలలు లెక్కపెడతారు, అంతే.

సరిగ్గా ఆ వేళకే కడుపులో మెలిపెట్టింది. పళ్ళు బిగించాడు. తొడలు బిగించాడు. లాభం లేక గుమ్మం వైపు పరుగెత్తాడు. అక్కడ తలలు లెక్కపెట్టేవాడు అతన్నీ 'కావాలి' లెక్కలో వేసేశాడు. బిల్లు ఒక్క తల తేడాతో నెగ్గింది. కొత్త పట్టులాగు గతి చెప్పుకుంటే అసహ్యం.

ఇంటికొచ్చి కాలరు పీకి నేలకేసి కొట్టాడు. తన ఒళ్ళంటేనే తనకు రోత పుట్టింది.

"నేను లేచింది దొడ్డికమ్మా! చెబితే నవ్వుతారు, చెప్పకపోతే ఉమ్ముతున్నారు. అంతా ఆ సత్రంలో తిన్న పాడు ఆల్చిప్పల వల్లే!"

"వాళ్ళ నోళ్ళు పడిపోను!" తల్లి సిసిలీ తడిగుడ్డతో అతని మెడ తుడిచింది. "ఎవరు నమ్మకపోతేనేం? నేను నమ్ముతాను నాయనా."

ఆంబ్రోజ్‌కు ఏడుపొచ్చినంత పనైంది. ఈ కుళ్ళు ఊళ్ళో మనిషన్నది ఈవిడొక్కతే.

సంచి విప్పాడు. సభకు వెళ్ళేముందు నోరు తీపి చేసుకోమని ఆవిడ కట్టిచ్చిన అల్లంరొట్టెలో ఓ ముక్క మిగిలింది. ఇప్పుడు తినబుద్ధి కాలేదు. కాళ్ళ దగ్గర తోకాడిస్తున్న ఆవిడ బుజ్జికుక్కకు అందించబోయాడు.

సిసిలీ ఎగిరొచ్చి చేతిలో ముక్కను కొట్టి పడేసింది.

"అయ్యో, దానికి పెట్టకురా, చిన్నప్రాణం, అంత మందు తట్టుకోలేదు!"