మందు రాసిన కుక్క

“కుక్కను పెంచేవాళ్ళకు ఇల్లిస్తే ఇంతేనయ్యా! వాళ్ళను గెంటేసి నెల్లాళ్ళు తాళం వేశాను. ఇవాళ తలుపు తీశానో లేదో, కుక్కపేలు కాళ్ళ మీదికి గెంతాయి,” అన్నాడు ఇంటి యజమాని, పిక్కలు బరబరా గోక్కుంటూ.

మాస్కు తియ్యకుండానే గదులన్నిటికీ పురుగుల మందు కొట్టాను.

“పైకొచ్చినవే చస్తాయి సార్. గూడు కట్టుకుని లోపల దాక్కున్నవాటికి మందు అంటదు. ఒంటికి మందు రాసిన కుక్కను రెండు వారాలు ఇల్లంతా తిప్పాలి. దాని మీదికి గెంతి అవే చస్తాయి.”

“కుక్కనా? ఇప్పటికిప్పుడు ఎక్కణ్ణుంచి తెచ్చేది?”

మాస్కు తీశాను. ఆయన మొహాన కత్తివేటుకు నెత్తురుచుక్క లేదు.

“మాది కింద బండిలోనే ఉంది సార్. నేను పిలిస్తే ఈ గుమ్మం తొక్కదు. గెంటింది మీరు కదా, వెళ్ళి మీరే బతిమాలుకోండి.”