షార్డనే తీగ

"పందిరంతా పాకింది కదా, పూతెందుకు రాలేదు సాబ్?"

నూకరత్నం చేపలు కడిగిన నీళ్ళు పాదులో పోస్తూ అడిగింది. వ్యవసాయాధికారి దక్షిణామూర్తి ఆకు తిప్పి చూశాడు.

"ఇది షార్డనే అమ్మా, తెల్ల వైన్ చేసే ద్రాక్ష. చలికి ఆకంతా రాల్చి, నిద్రపోయి లేస్తేనే పూస్తుంది. ఏడాదంతా ఉక్కపోసే ఈ దీవిలో, మన హోప్ టౌన్‌లో చలేదీ?"

"సెలవుకొచ్చినప్పుడు మా ఆయన నాటి ఎల్లాడు సాబ్. తొలిగుత్తి కోసే టయానికి వచ్చేస్తానన్నాడు."

"పాపం, అతనికీ సంగతి తెలీదు కాబోలు."

"తెలీకేటి? ఫ్రాన్సులో ఈ ద్రాక్షతోటలోనే కదా పని..."

ఆమె గిన్నె వంచడం ఆపేసింది.

దక్షిణామూర్తి పచ్చటి ఆకులకేసే చూస్తూ నిలబడ్డాడు.

కాసేపటికి నూకరత్నం గిన్నెలో మిగిలిన నీళ్ళు కూడా పాదులోనే పోసింది.