మరమగ్గాల మోత

స్కూలు వేదిక మీద జమున ‘సైమల్టేనియస్’ అనే మాట పుట్టుక చెప్పింది. “లాటిన్‌లో సిముల్ అంటే ఒకేసారి. మా భేస్తాన్ బస్తీలో మరమగ్గాలన్నీ ఒకేసారి ఆడినట్టు!”

వెనక వరుసలో ఆమె బాపు రాజనర్సు లేచి నిలబడి చప్పట్లు కొట్టాడు. మగ్గాల మోతకు అతని చెవులు ఎప్పుడో పోయాయి.

“ఎవరాయన?” వేదిక దిగుతుంటే స్నేహితురాలు అడిగింది.

“మా పక్కింటాయన,” జమున గొణిగింది.

బయట రాజనర్సు ఆమె బ్యాగు అందుకున్నాడు. “మస్తు చెప్పినవ్ బిడ్డా.”

“నీకేం వినవడ్డది బాపూ?” జమున నవ్వింది.

“సాంచెల మోతల చెవులతోటి పనేంది? పెదవులు జూసే మాట్లాడుకుంటం గద. నువ్వన్నదంత సమజైంది.”

జమున తల ఎత్తలేకపోయింది.

గేటు దగ్గర ఆ స్నేహితురాలు కనపడగానే, రాజనర్సు బ్యాగు జమున చేతికిచ్చి, పక్కింటాయనలా దూరం జరిగాడు.