పళ్లు కదిలిన గొర్రె

మా ఆయన ఎర్రయ్య బొటనవేలితో గొర్రె కింది పెదవి నొక్కితే చాలు, దాని వయసంతా బయటపడుతుంది.

రెండు పళ్లుంటే పడుచుది. నాలుగుంటే ఈతకొచ్చింది. ఎనిమిదుంటే నిండు గొర్రె. దాన్ని ప్రాణం పోయినా అమ్మడు.

ఆ తరువాత పళ్లు కదులుతాయి. పళ్లు కదిలిన గొర్రె ఎండుగడ్డి కొరకలేదు, ఎండాకాలం దాటదు. అందుకని సూర్యాపేట సంతకు తోలేస్తాడు. వాళ్ల నాయన పెట్టిన కట్టుబాటు అది. మొత్తుకున్నా వినడు.

ఇరవై ఏళ్ల కాపురంలో ఆ మనిషి నా నోరు మాత్రం ఒక్కనాడూ చూడలేదు. నోరు మూసుకోమనడమే తెలుసు.

నాట్ల కాలం నుంచి నా చిగుళ్ల వెంట నెత్తురు కారుతోంది. వేపపుల్ల మాని బొగ్గుపొడి పట్టాను. బొగ్గు మాని ఉప్పు పట్టాను. దవడన పొగాకు పెట్టుకుంటే నొప్పి కాస్త నిమ్మళించేది. ఒక పన్ను రొట్టెలోనే ఊడింది. రాయి తగిలిందని చెప్పి ఊసేశాను.

రజాకార్లు పోయి మిలిటరీ వచ్చిన యేడాది అది. పగలొచ్చిన మిలిటరీకో పొట్టేలు, రాత్రొచ్చిన దళం వాళ్లకో పొట్టేలు ఇచ్చీ ఇచ్చీ ముప్పై గొర్రెలు మిగిలాయి. కోతలయ్యాక వాటిని నిడమనూరు పొలాల్లో మంద కట్టాం. గొర్రెలు పడుకున్న మడికి ఎరువు, మాకు గింజలు.

అక్కడి నుంచి ఒకరోజు, ఉప్పుకని చెప్పి, మిర్యాలగూడెం నడిచాను. మిషన్ దవాఖానలో నర్సు రూతమ్మ దీపం పట్టుకుని నా నోరు చూసింది.

"దాహమైతదా అక్కా?"

"కడవెడు తాగినా తీరదు."

"నువ్వు ఒంటికి పోయినకాడ చీమలు పడుతున్నయా?"

సిగ్గేసి తల దించుకున్నాను. పడుతున్నాయి.

"ఇది ఒట్టి పంటి రోగం కాదక్కా. నీ ఒంట్ల చక్కెర చేరింది. అది చిగుళ్లను తింటది. పొగాకు దానికి తోడు. ముందుగాల అది బంద్ చెయ్యి. సూదిమందు పట్నంల దొరుకుతది. ఒక్కసారితోటి అయ్యేది కాదు, బతికినన్నొద్దులు పొడిపిచ్చుకోవాలె. మీ ఇంటాయనను తోల్కరా."

సరేనన్నాను. తీసుకుపోలేదు.

చెప్తే ఏం చేస్తాడు? సూదికో గొర్రె అమ్ముకుంటూ పోతాడు. లేదా ఊరుకుంటాడు. రెండూ నాకు భయమే.

అప్పటి నుంచి ఆయన తిన్నాకే తింటున్నాను. రొట్టెను గంజిలో నానబెట్టి, అటు తిరిగి మింగుతాను. మిగిలింది బొల్లికి పెడతాను.

బొల్లి నా చేత్తో పెంచిన గొర్రె. దాని పళ్లు కూడా కదిలాయి. ఆయన గొర్రెల పళ్లు చూసినప్పుడల్లా దాన్ని మంద వెనక దాచుతున్నాను. అదీ నేనూ ఒక్క ముంతలోనే తింటున్నాం.

ఒక సాయంత్రం గొర్రెల బేరగాడు సైదయ్య వచ్చాడు.

"ఎర్రన్నా, పళ్లు కదిలినయి ఉంటె తీయ్. మిలిటరీ క్యాంపుకు కావాలె."

ఆయన ఒక్కొక్క నోరూ నొక్కి చూసుకుంటూ వచ్చాడు. బొల్లి దగ్గర ఆగాడు. దాని నోట్లో మూడే పళ్లున్నాయి. పొట్ట మాత్రం నిండుగా ఉంది.

ఆయన చుట్టూ చూసి ముంత ఎత్తాడు.

"ఏందే ఇది?"

"బొల్లిది."

"ఇందుల రొట్టె నీది కాదా? నీ కూడు దీనికి పెట్టి నువ్వు పస్తులుంటున్నవా? అందుకేనా గిట్ల పుల్ల లెక్క అయినవ్?"

అవునన్నట్టు తలూపాను. అలా అనుకుంటేనే నయమనిపించింది.

ఆయన తన మూటలోంచి ఎండు జొన్నరొట్టె తీసి నా చేతిలో పెట్టాడు.

"తిను. నా ముందట తిను."

సైదయ్య మొహం పక్కకు తిప్పుకున్నాడు.

కొరికాను. కళ్లలో నీళ్లు తిరిగాయి. రొట్టె తీసేసరికి దాని అంచు ఎర్రగా ఉంది.

ఆయన చాలాసేపు ఆ అంచునే చూశాడు. తరువాత దగ్గరకు వచ్చాడు. గొర్రెల వాసన కొట్టే ఆ బొటనవేలు నా కింది పెదవి మీద పడింది. చాలా మెల్లగా నొక్కాడు.

కళ్లు మూసుకున్నాను.

"ఎప్పటి సంది?"

"నాట్లప్పటి సంది."

"ఎవలకన్న సూపిచ్చినవా?"

"మిషన్ దవాఖానల. పట్నంల సూదిమందు ఉన్నదంట."

ఆయన పెదవి వదిలాడు. బొల్లిని తోసి నా వైపు పంపాడు.

"ఎర్రన్నా, గా బొల్లిది ఇస్తవా?" అన్నాడు సైదయ్య.

"అది అమ్మేది కాదు."

"మరి?"

"ఎనిమిది పళ్లయి ఏరుకో. నీకు నచ్చినయి."

సైదయ్య నమ్మలేనట్టు చూసి, మందలోకి దిగాడు. మంచివాటినే పట్టి పక్కకు లాగుతున్నాడు. ఒకటి, రెండు, మూడు. ఆయన వాటి వైపు చూడకుండా నన్నే చూస్తున్నాడు.

"ఒక్క సూదితోటి బాగైతదా?"

బొల్లి నా చేతిలోని ఎండు రొట్టెను నాకుతోంది.

"అయితదంట," అన్నాను.