నాలుగు కాళ్ల డబ్బా

"యా అల్లా, కొత్త టైల్స్!"

నజ్మా అరుపుకు ముసలాయన గడపలోనే ఆగిపోయాడు. అప్పటికే నాలుగు తడి అడుగులు పడ్డాయి.

"చెప్పులు బయటే ఇడ్సి, కింద కుళాయి కాడ కాళ్లు కడుక్కోనే వచ్చినానమ్మా."

"కాళ్లు గూడా బయటే ఇడ్సాల్సింది తాతా!" కంప్యూటర్ ముందు నుంచి విజయ్ కుమార్ నవ్వాడు.

మార్కాపురంలో పలకల దుకాణం మీద ఉన్న ఆ చిన్న ఆఫీసులో ఆ రోజు పండగ సందడి. పది గంటలకు వాళ్ల కొత్త సాఫ్ట్‌వేర్ మొదలవుతుంది. పుల్లలచెరువు వైపు పద్నాలుగు పల్లెలకు ఏ నీళ్ల ట్యాంకర్ ఎప్పుడు పోవాలో ఇక అదే చెబుతుంది. ట్యాంకర్లన్నీ నిండేది ఒక్క బోరు దగ్గరే. పని బాగుంటే జిల్లా మొత్తం వాళ్ల చేతికొస్తుంది.

పాత సాఫ్ట్‌వేర్ రాసిన పాల్ రాజు కరోనాలో పోయాడు. అందులో ఏది ఎందుకు పెట్టాడో ఒక్క ముక్క రాసిపెట్టలేదు. అతని కంప్యూటర్లో దొరికింది ఒకే ఒక్క ఫొటో.

పలక మీద బలపంతో గీసిన బొమ్మ. మూడు ట్యాంకర్లు, ఒక బాణం, నాలుగు కాళ్ల డబ్బా. మళ్లీ బాణం, మళ్లీ మూడు ట్యాంకర్లు.

అది పాల్ రాజు గీత కాదని అతని భార్య చెప్పింది.

"ఇంత పెద్ద సిస్టమ్‌ను పలకలో పట్టించినాడంటే ఎంత గొప్ప సాఫ్ట్‌వేర్ ఆర్కిటెక్టో!" అని నజ్మా ఆ ఫొటోకు ఫ్రేమ్ కట్టించి గోడకు తగిలించింది. ఆరు వారాలుగా ఆ మనిషి కోసం ఇంటర్నెట్ అంతా జల్లెడ పడుతోంది.

తను రాసిన డిజైన్ పుస్తకంలో మొదటి పేజీ ఆ బొమ్మదే. మూలనున్న బలపం మరకను మాత్రం కత్తిరించింది. నాలుగు కాళ్ల డబ్బా కింద 'సర్వర్' అని రాసింది.

పాత ప్రోగ్రాం మూడు ట్యాంకర్లకొకసారి నలభై నిమిషాలు ఆగేది.

"అప్పటి సర్వర్ గదక్కా, వేడెక్కి ఉంటది. చల్లారనిచ్చేవాళ్లేమో. మనకెందుకు?" అని విజయ్ దాన్ని తీసేశాడు. పుస్తకంలో అదీ రాశారు. బోరు దగ్గర ఇక మనిషి అక్కర్లేదనీ రాశారు.

అచ్చులో చూసుకుంటే అన్నీ నిజాల్లాగే కనబడ్డాయి.

"ఆ నలభై నిమిషాలు తీసేసినారంట గదమ్మా," అన్నాడు ముసలాయన. "తీయొద్దు."

నజ్మా, విజయ్ ముఖాలు చూసుకున్నారు.

"నువ్వు డ్రైవరువా?"

"కాదమ్మా, నేను..."

"డ్రైవర్లు పంపించినారక్కా!" అన్నాడు విజయ్. "మూడు ట్రిప్పులకొకసారి బీడీ కాల్చుకునే టైము పోయిందని ఏడుపు."

"అది డ్రైవర్లకు గాదు నాయనా, ఆ టైము..."

నజ్మా ఫోన్ మోగింది. కలెక్టరాఫీసు నుంచి. ఆమె చేత్తోనే సైగ చేసింది, తర్వాత అని.

విజయ్ ఒక తెల్లకాగితం అందించాడు. "ఏమున్నా దీంట్లో రాసి, ఆ ఫిర్యాదుల పెట్టెలో వేసిపో."

"నాకు రాత రాదు నాయనా."

"రాకుంటే బొమ్మ గీసిపో!"

ముసలాయన నవ్వలేదు. నేల మీద కూర్చుని, కాగితాన్ని మోకాలి మీద పెట్టుకుని, నిజంగానే గీశాడు. బల్ల మీదున్న ఇంకు ప్యాడ్‌లో వేలు అద్దాడు. కాగితం పెట్టెలో వేసి మెట్లు దిగిపోయాడు.

నజ్మా ఆ తడి అడుగులు తుడిపించింది.

పది.

"నొక్కు విజయ్!"

తెర మీద పచ్చచుక్కలు కదిలాయి. ఒకటో ట్యాంకర్ నిండింది. రెండు. మూడు.

"అక్కా, పాతదైతే ఇక్కడ పడుకునేది!"

నాలుగు! నజ్మా చప్పట్లు కొట్టింది. ఐదు! ఫోన్లో కలెక్టరాఫీసు ఆయన "శభాష్" అన్నాడు. విజయ్ కుర్చీలోనే గిర్రున తిరిగాడు.

ఆరో చుక్క బోరు దగ్గర ఆగింది. ఎంతకీ కదల్లేదు.

"నెట్ పోయిందేమో చూడు."

నెట్ పోలేదు. ట్యాంకర్ డ్రైవర్ చెంచయ్య ఫోన్ చేశాడు.

"మేడమ్, బోరు గాలి కక్కతా ఉంది! ఒట్టిగా తిరిగి తిరిగి మోటారు కాలిపోయింది!"

"ఎట్ల కాలిపోయింది?"

"ఎట్లంటావేంది తల్లీ? మూడు బండ్లు నిండేసరికి నీళ్లు అడుక్కు పోతాయి. నలభై నిమిషాలు ఆపితేనే మళ్లీ ఊరేది. మా ఫోన్లలో మీ ప్రోగ్రామేమో నింపు, నింపు అంటా ఉండె!"

"మరి అక్కడ చూసుకునేవాళ్లు ఎవరూ లేరా?" అంది నజ్మా.

"మాలకొండయ్య పెదనాయన ఉండె గదా, ఇరవై ఏండ్లుగా. మనిషి అక్కర్లేదని మీరే రాసినారంట, నిన్న మానిపించినారు. పొద్దున బోరు కాడ మొహం కడుక్కోని, మీకు చెప్పొస్తానని మీ ఆఫీసుకే వచ్చినాడే! రాలేదా?"

"ఇప్పుడెక్కడున్నాడు?"

"యాడుంటాడు? మీతో చెప్పి, అట్లే కనిగిరిలో చెల్లెలింటికి బస్సెక్కుతానన్నాడు. ఆయనకు ఫోన్ గూడా లేదు. ఇక్కడ పద్నాలుగు ఊళ్లు బిందెలు పెట్టుకోని కూసున్నాయి, ఏం చెప్పమంటావు?"

నజ్మా ఫిర్యాదుల పెట్టె తెరిచింది. లోపల ఒక్కటే కాగితం.

మూడు ట్యాంకర్లు. ఒక బాణం. నాలుగు కాళ్ల డబ్బా.

డబ్బాకు ఈసారి ఓపిగ్గా నులక కూడా అల్లి ఉంది. అది సర్వర్ కాదు, మంచం. దాని మీద బోరు గొట్టం పడుకుని ఉంది. కింద చుక్కచుక్కగా నీళ్లు ఊరుతున్నాయి.

మూలన వేలిముద్ర.

ఆమె తలెత్తి గోడ మీది ఫ్రేమ్ వైపు చూసింది. పలక మూలన, తను మరక అనుకుని పుస్తకంలో కత్తిరించేసిన చోట, బలపం పొడితో వేసిన అదే వేలిముద్ర.

ఆరు వారాలుగా ఆమె ఇంటర్నెట్‌లో వెతుకుతున్న ఆర్కిటెక్ట్, పొద్దున తను తుడిపించిన ఆ తడి అడుగుల మనిషే.