ఆపరేటర్ కుర్చీ

1988 ఎండాకాలంలో మట్టెవాడలోని మా చేనేత సంఘం ఆఫీసుకు కంప్యూటర్ వచ్చింది. ఆపరేటర్ ఉద్యోగానికి ఇద్దరం పోటీ పడ్డాం. బీకాం చదివిన నేను, పదో తరగతితో ఆపేసిన భూలక్ష్మి.

నేను కీబోర్డు మీద వేలు పెట్టగానే చురుక్కుమని షాకు కొట్టేది, తెర మీది అక్షరాలు కదలకుండా నిలిచిపోయేవి. భూలక్ష్మి కూర్చుంటే అదే యంత్రం కొత్త అల్లుడి ముందు అత్తగారిలా అణకువగా పనిచేసేది. ఈర్ష్యతో నాకు అన్నం సహించలేదు. ఆమె ఎక్కడైనా నిమ్మకాయ కట్టిందేమోనని బల్ల కింద దూరి మరీ వెతికాను.

నెల తిరిగేసరికి ఉద్యోగం ఆమెకే ఇచ్చారు. ఆర్డరు చేతికందాక నా దగ్గరికి వచ్చింది.

“అన్నా, రేపటి సంది ఆ నైలాన్ అంగీ ఇడిచిపెట్టి మన సంఘం నూలు అంగీ తొడుక్కో. ఎండకాలం నైలాన్ బట్టలల్ల కరెంటు పుడ్తది. దాంతోనే మిషిన్ ఆగుతాంది.”

“నీకెప్పటి సంది ఎరుక?”

“మొదటి వారం నుంచే.”

“మరి నాకు చెప్పవైతివి?”

“నీ బీకాం జూస్తే నాకు గూడ కడుపు మండదా అన్నా?”

నేనొక్కణ్ణే కుళ్లుకుంటున్నాననుకుని నెల రోజులు అనవసరంగా సిగ్గుపడ్డాను.